మెనూలో వెజ్ అని ఉంటే చాలదు: తిరుపతిలో పెద్దవాళ్లతో నూడుల్స్, డంప్లింగ్స్ తినడానికి వెళ్లేముందు

ప్రశ్న: మాది తిరుపతి. వచ్చే శనివారం మా బాబుకి తొమ్మిదేళ్లు నిండుతాయి. బిర్యానీ వద్దట, నూడుల్స్, డంప్లింగ్స్ పెట్టే హోటల్‌కే వెళ్దామని పట్టుబట్టాడు. చిత్తూరు నుంచి అత్తయ్య, మామయ్య వస్తున్నారు. ఇద్దరూ గుడ్డు కూడా ముట్టని శాకాహారులు. మామయ్యకి బీపీ ఉంది. మేం ముగ్గురం మాంసం తింటాం కానీ శనివారం తినం. బాబుకి వేరుశనగ పడదు, రెండేళ్ల క్రితం పెదాలు వాచి ఆసుపత్రికి తీసుకెళ్లాం. మెనూ చూస్తే సగం పేర్లు అర్థం కాలేదు. ఏం అడగాలి, ఏం తెప్పించుకోవాలి? పెద్దవాళ్లు ఇబ్బంది పడతారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు:

అమ్మా, ముందుగా బాబుకి నా ఆశీస్సులు. నేను ఈ పనిలో 26 ఏళ్లుగా ఉన్నాను. చిత్తూరు బస్టాండు దగ్గర ఫాస్ట్‌ఫుడ్ బండి మీద క్యాబేజీ తరగడంతో మొదలుపెట్టాను. తర్వాత చెన్నై, బెంగళూరు హోటళ్లలో చైనీస్ మాస్టర్‌గా చేశాను. ఆ తర్వాత శ్రీసిటీలో ఇసుజు లాంటి జపాన్ కంపెనీలు వచ్చాక, అక్కడికొచ్చే జపాన్ ఇంజినీర్ల కోసం ఒక గెస్ట్‌హౌస్‌లో ఆరేళ్లు వండాను. ఇప్పుడు మన తిరుపతిలోనే ఉంటున్నాను. హోటల్ పేరు మాత్రం చెప్పను. ఇలాంటి చోట రుచంతా మాస్టర్ చేతిలో ఉంటుంది. ఆయన వెళ్లిపోతే బోర్డు అదే ఉంటుంది, తిండి మారిపోతుంది. ఏ హోటల్‌కి వెళ్లినా పనికొచ్చేది చెప్తాను.

మీ ఇంటి పరిస్థితికి అసలు విషయం ఒక్కటే. ప్లేటులో కనిపించే ముక్కల గురించి అందరూ అడుగుతారు. మీరు కనిపించని వాటి గురించి అడగాలి: సూప్‌కి వాడిన నీళ్లు, కలిపిన సాసు, వేయించిన నూనె, ఆవిరి పట్టిన పాత్ర. మీ మామయ్యగారి నియమం, బాబు అలర్జీ, రెండూ వాటి మీదే ఆధారపడి ఉన్నాయి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, 2003లో చెన్నైలో ఒక హోటల్లో నేను మూడో మాస్టర్‌ని. ఒక రోజు తిరుమల నుంచి తిరిగి వెళ్తున్న కుటుంబం భోజనానికి వచ్చింది. పెద్దాయన తలనీలాలు ఇచ్చి ఉన్నారు, గుండు మీద గంధం కనిపిస్తోంది. వెజ్ హాట్ అండ్ సోర్ సూప్ అని ఆర్డర్ వచ్చింది. ఆ వంటింట్లో స్టాక్ గిన్నె, అంటే సూపులకి వాడే మరిగిన నీళ్ల గిన్నె, ఒక్కటే ఉండేది. పొద్దున్నుంచి అందులో కోడి ఎముకలు మరుగుతూ ఉండేవి. అందులోంచే రెండు గరిటెలు తీసి, క్యారెట్, బీన్స్, క్యాబేజీ వేసి, పైన ఉల్లికాడలు చల్లి పంపించాం. ముక్క లేదు కాబట్టి అది వెజ్. ఆయన కళ్లు మూసుకుని దండం పెట్టుకుని మొదటి చెంచా తాగడం వంటింటి తలుపు అద్దంలోంచి చూశాను. నోరు విప్పలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు వెజ్‌కి వేరే స్టాక్ పెడదామని పెద్ద మాస్టర్‌ని అడిగితే గ్యాస్ దండగ అన్నాడు. మూడు నెలలకి అక్కడ మానేశాను. ఆ తర్వాత నేను మాస్టర్‌గా ఉన్న ప్రతి చోటా రెండు గిన్నెలు పెట్టించాను, కూరగాయల స్టాక్ గిన్నెకి పచ్చ గుడ్డ కట్టించాను.

అన్ని హోటళ్లూ అలా చేస్తాయని అనడం లేదు. చాలామంది నిజాయితీగా రెండు స్టాకులు పెడతారు, కొందరు వెజ్ సూప్‌కి మామూలు నీళ్లే వాడతారు. కానీ మీరు ‘ఇది వెజ్జేనా?’ అని అడిగితే సర్వర్ ‘అవునండీ’ అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు, మెనూలో ఉన్నదే చెప్తున్నాడు. ‘వెజ్ సూప్‌కి స్టాక్ వేరుగా పెడతారా, లేక నీళ్లతో చేస్తారా?’ అని అడగండి. ఆ ప్రశ్నకి జవాబు వంటింట్లోకి వెళ్లి కనుక్కుని రావాల్సిందే. వెళ్లి కనుక్కుని వచ్చాడంటే ఆ హోటల్ మీద నాకు నమ్మకం కలుగుతుంది. నిలబడిన చోటే తల ఊపితే ఆ పూట సూప్ వద్దనుకోండి.

ఇక మెనూలో అర్థం కాని పేర్లు. హాట్ అండ్ సోర్, మాంచో, స్వీట్ కార్న్ మనకి తెలిసినవే. రామెన్ అంటే జపాన్ వాళ్ల పులుసు నూడుల్స్, పెద్ద గిన్నెలో వస్తుంది. దాని ప్రాణమంతా పులుసులో ఉంటుంది. తొంకోత్సు అని రాసుంటే పంది ఎముకలు గంటల తరబడి మరిగించిన పులుసు. మిసో రామెన్ అంటే సోయాగింజలు పులియబెట్టిన ముద్ద కలిపినది. వినడానికి శాకాహారంలా ఉంటుంది, కానీ దాని అడుగున మామూలుగా పంది, కోడి ఎముకల పులుసు ఉంటుంది, చాలాచోట్ల కలిపే దాషి అనే కషాయాన్ని జపాన్‌లో మామూలుగా ఎండబెట్టిన చేప తురుముతో, కొంబు అనే సముద్రపు నాచుతో కాస్తారు. శ్రీసిటీలో నేను వండినప్పుడు చేప లేకుండా నాచు, ఎండు పుట్టగొడుగులతోనే శాకాహారుల కోసం విడిగా కాచేవాణ్ని. రుచి బాగా వస్తుంది. అలా చేసే హోటల్ అయితే సంతోషంగా తెప్పించుకోండి. వియత్నాం వాళ్ల ఫో కూడా పులుసు నూడుల్సే, అక్కడ గొడ్డు ఎముకలతో గానీ కోడితో గానీ చేస్తారు. షావ్ లాంగ్ బావ్ అని, లోపల సూప్ ఉండే డంప్లింగ్ ఒకటి ఉంటుంది. పిలకాయలు వీడియోల్లో చూసి అదే కావాలంటారు. పంది చర్మం మరిగించి గడ్డకట్టించిన జెల్లీని ముక్కలు చేసి లోపల పెడతారు, ఆవిరికి అది కరిగి సూప్ అవుతుంది. శనివారం అది మీ టేబుల్ మీదికి రాకూడదు, బాబుకి ముందే చెప్పి ఉంచండి.

సాసుల్లో ఆయిస్టర్ సాసు ఆల్చిప్పల నుంచి తీస్తారు. వెజ్ నూడుల్స్‌లో, బ్రోకలీ, పుట్టగొడుగుల వేపుళ్లలో మెరుపు కోసం అది ఒక చెంచా వేసే అలవాటు చాలా వంటిళ్లలో ఉంది. పుట్టగొడుగులతో చేసిన శాకాహార రకం కూడా సీసాల్లో దొరుకుతుంది కాబట్టి ఏది వాడతారో అడగండి. థాయ్ వంటల్లో ఫిష్ సాసు, మలేసియా లక్సా అనే పులుసు నూడుల్స్‌లో రొయ్యల ముద్ద ఉంటాయి. కొరియా వాళ్ల కిమ్చీ అనే క్యాబేజీ పచ్చడిలో కూడా చేప సాసో, రొయ్యలో పడతాయి. నూడుల్స్‌లో కూడా ఎగ్ నూడుల్స్ అని పిండిలోనే గుడ్డు కలిపినవి ఉంటాయి. కోడిగుడ్డు పైన వేయకపోయినా లోపల ఉంటుంది. బియ్యం నూడుల్స్‌ని మామూలుగా బియ్యప్పిండి, నీళ్లతోనే చేస్తారు. మన చిత్తూరు వైపు ఇడియాప్పం తిన్నవాళ్లకి అది కొత్త తిండేమీ కాదు, అత్తయ్యగారికి అలాగే చెప్పండి.

స్టీమర్ గురించి ఎవరూ అడగరు. అసలు అడగాల్సింది అక్కడే. బుట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి కింద నీళ్లు మరిగిస్తారు. పై బుట్టలో చికెన్ డంప్లింగ్స్ ఉడుకుతుంటే వాటి రసం కింది బుట్టలోకి కారుతుంది. వెజ్‌ని పై అరలో పెడితే కారదు గానీ ఆవిరి కింది నుంచే వస్తుంది. మామూలుగా పట్టించుకోని వాళ్లకి పై అర చాలు. మీ అత్తమామల్లాంటి వాళ్లకైతే విడి స్టీమర్ ఉండాలి. అది లేని చోట నేనొక ఉపాయం చెప్తాను: సాయంత్రం హోటల్ తెరవగానే వెళ్లండి. అప్పటికి స్టీమర్‌లో నీళ్లు కొత్తవి, బుట్టలు కడిగినవి ఉంటాయి. మొదటి వాయి మీకే వేయమనండి. మాస్టర్‌కి ఇందులో కష్టమేమీ లేదు. నన్ను అలా అడిగిన వాళ్లకి నేనెప్పుడూ కాదనలేదు.

ఇప్పుడు బాబు సంగతి. ఇందులో మొహమాటం పనికిరాదు. మనది వేరుశనగ నేల. చెనిక్కాయలు లేని చట్నీ, చెనిక్కాయల నూనె లేని తాలింపు మన వైపు అరుదు. అందుకే వంటింట్లో ఎవరికీ అది విడిగా గుర్తుకు రాదు, ‘ఏం లేదండీ’ అనేస్తారు. పాడ్ థాయ్ అనే థాయ్ నూడుల్స్ మీద వేరుశనగ పొడి చల్లుతారు. సాటే సాసు అంటే వేరుశనగ ముద్దే. చిల్లీ ఆయిల్, చిల్లీ క్రిస్ప్ అని ఎర్రగా, అడుగున పలుకులు పేరుకుని ఉండే సీసాల్లో చాలావాటిలో వేరుశనగ ఉంటుంది. మోమోలతో ఇచ్చే ఎర్ర చట్నీ చిక్కదనానికి కొందరు నువ్వులు వేస్తారు, కొందరు వేరుశనగ వేస్తారు. ఇంట్లో గానుగ నూనె వాడే అలవాటున్న ఊరు కాబట్టి హోటల్లో ఏ నూనె అని కూడా అడగండి. బాగా శుద్ధిచేసిన నూనెలో అలర్జీ కలిగించే ప్రొటీన్ దాదాపు పోతుంది, గానుగ నూనెలో మిగులుతుంది. ఏది పడుతుందో మీ డాక్టర్‌గారిని అడిగాకే నిర్ణయించుకోండి.

రెండోది వాక్. పెద్ద ఇనప మూకుడు అన్నమాట. ఒక ప్లేటు అయ్యాక మాస్టర్ దాన్ని నీళ్లు పోసి వెదురు చీపురుతో రెండుసార్లు తిప్పి వంచేసి, వెంటనే తర్వాతి ప్లేటు మొదలుపెడతాడు. రద్దీలో అంతకంటే చేయలేడు. అంతకుముందు అందులో వేరుశనగ సాసు పడి ఉంటే ఆ కడగడం అలర్జీ ఉన్న పిల్లాడికి సరిపోదు. అదే కారణంతో అందరికీ కలిపి వేయించే నూనె మూకుడు కూడా వద్దు. స్ప్రింగ్ రోల్స్, మంచూరియా బాబుకి పెట్టకండి. ఆవిరి మీద ఉడికినవే వాడికి నమ్మదగినవి, అదీ పూర్ణంలో, డిప్‌లో ఏముందో మాస్టర్ నోటితో విన్నాకే. నూడుల్స్ కావాలంటే సోప్ వేసి శుభ్రంగా కడిగిన వేరే గిన్నెలో చేయమనండి. ‘అంత కుదరదు’ అని వాళ్లు నిజం చెప్తే కోప్పడకండి. వాళ్లకి థాంక్స్ చెప్పి వేరే హోటల్ చూసుకోండి. డాక్టర్ రాసిచ్చిన మందో, ఇంజెక్షనో ఉంటే అది కారులో కాకుండా మీ చేతిసంచిలో ఉండాలి. ఒంటి మీద దద్దుర్లు, పెదాలు వాచడం, గొంతు పట్టేయడం, వాంతులు, ఆయాసం కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. రుయా, స్విమ్స్ ఆసుపత్రులు రెండూ ఊళ్లోనే ఉన్నాయి.

ఇంతసేపూ జాగ్రత్తలే చెప్పాను. ఇప్పుడు నాకు ఇష్టమైన విషయానికి వస్తాను.

డంప్లింగ్ అంటే అత్తయ్యగారికి ఎలా చెప్పాలా అనుకుంటున్నారేమో. కజ్జికాయ చూపించండి. చైనా వాళ్ల జావ్జ అచ్చం అదే ఆకారం: గుండ్రటి రేకు, మధ్యలో పూర్ణం, సగానికి మడిచి అంచు నొక్కడం. మనం నూనెలో వేయిస్తాం, వాళ్లు నీళ్లలోనో, ఆవిరి మీదో ఉడికిస్తారు. జపాన్ వాళ్ల గ్యోజా అడుగు మాత్రం పెనం మీద ఎర్రగా కాలి, పైభాగం ఆవిరికి ఉడుకుతుంది. కొరియా వాళ్లు మండు అంటారు. టిబెట్, నేపాల్ వాళ్ల మోమో ఎక్కువగా గుండ్రంగా, పైన ముడి వేసిన సంచిలా ఉంటుంది. బావ్ అంటే పులిసిన పిండితో చేసిన మెత్తటి బన్ను. మన కుడుములు, ఉండ్రాళ్లు తిన్న నోటికి ఇవన్నీ చుట్టాలే.

నాకు ఈ మడత నేర్పింది బెంగళూరులో నాతో పనిచేసిన ఒక టిబెటన్ అక్క. మైసూరు దాటాక బైలకుప్పె అని ఊరుంది, 1960ల మొదట్లో టిబెటన్ శరణార్థులకి అక్కడ భూములిచ్చారు. ఆమె అక్కడ పుట్టి పెరిగిన మనిషి. మైదాలో నీళ్లు పోసి గట్టిగా కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట పక్కన పెట్టేది. తర్వాత నిమ్మకాయంత ఉండలు చేసి ఒత్తేటప్పుడు ఎడమచేత్తో రేకుని తిప్పుతూ, కుడిచేత్తో చిన్న కర్రని అంచు నుంచి మధ్యదాకా మాత్రమే తోసేది. దాంతో అంచు తమలపాకంత పల్చగా, మధ్య కాస్త మందంగా వచ్చేది. ఎందుకక్కా అని అడిగితే, ‘మడిచినప్పుడు అంచులు రెండు పొరలవుతాయి కదా, అక్కడ పిండి ముద్దగా మిగలకూడదు, అడుగు చిరగకూడదు’ అంది. క్యాబేజీ తురుముకి ఉప్పు రాసి, పది నిమిషాల తర్వాత గుడ్డలో కట్టి నీళ్లన్నీ పిండేది. ఆ ఒక్క పని చేయని చోట పూర్ణం నీళ్లోడుతుంది, రేకు సాగి చిరుగుతుంది.

కాబట్టి బుట్ట టేబుల్ మీదికి వచ్చాక మూత తీసి ఇవి చూడండి. రేకు తడిగా మెరుస్తూ, లోపలి క్యారెట్ రంగు లేతగా కనబడాలి. ముడి దగ్గర కొరికితే పచ్చిపిండి తగలకూడదు. అడుగున క్యాబేజీ ఆకో, చిల్లుల కాగితమో పరిచి ఉండాలి, లేకపోతే ఎత్తేటప్పుడు అడుగు బుట్టకి అంటుకుని పూర్ణం జారిపోతుంది. అంచులు ఎండి గట్టిపడ్డాయంటే ముందే ఉడికించి ఉంచి మళ్లీ వేడిచేశారని అర్థం. అన్ని మడతలూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే ఫ్యాక్టరీలో చేసి గడ్డకట్టించిన ప్యాకెట్లు కావచ్చు. అది తప్పేమీ కాదు, శుభ్రంగానే ఉంటాయి. చేత్తో చేసినవని చెప్పి ఎక్కువ ధర తీసుకుంటేనే అభ్యంతరం.

క్రిస్టల్ డంప్లింగ్ అని మెనూలో ఉంటే పెద్దవాళ్లకి తప్పకుండా తెప్పించండి. మైదాకి బదులు గోధుమ నుంచి తీసిన గంజిపిండితో రేకు చేస్తారు, ఉడికాక అద్దంలా అవుతుంది. చాలా తేలిగ్గా ఉంటుంది. చల్లారితే మాత్రం రబ్బరే. ఆ మాటకొస్తే డంప్లింగ్ ఏదైనా వచ్చిన ఐదు నిమిషాల్లో తినేయాలి. ఫొటోలు తీసుకోవడం ఒక బుట్టకే పెట్టుకోండి. అందుకే అన్నీ ఒకేసారి ఆర్డర్ ఇవ్వకండి. రెండు బుట్టలు, అవి అయ్యాక ఇంకో రెండు. సర్వర్‌కి ముందే చెప్తే ఒకదాని తర్వాత ఒకటి పంపిస్తాడు.

నూడుల్స్‌కి వస్తే, మనం హక్కా నూడుల్స్ అని తినేది చైనా వంట అనుకుంటాం గానీ, కోల్‌కతాలో తోళ్ల పరిశ్రమ చుట్టూ స్థిరపడిన హక్కా చైనీయుల చేతిలో మన రుచికి తగ్గట్టు పుట్టిన వంట అది. చికెన్ మంచూరియన్ కూడా అంతే, 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ చేశాడని చెప్తారు. దాన్ని చూసే గోబీ మంచూరియా వచ్చింది. ఇది అసలు చైనీస్ కాదని తక్కువగా చూసేవాళ్లు ఉన్నారు, నేను ఒప్పుకోను. బాగా చేసిన హక్కా నూడుల్స్ గొప్ప వంట. మంట బలంగా ఉండాలి, మూకుడు పొగలు కక్కాలి, ఒక్కసారికి ఒకటో రెండో ప్లేట్లే వేయాలి. అప్పుడు కూరగాయ కరకరలాడుతూనే కాలిన వాసన పట్టుకుంటుంది. ఆ వాసనని కాంటన్ వంటవాళ్లు ‘వాక్ హే’ అంటారు, మూకుడు ఊపిరి అని అర్థం. ఐదు ప్లేట్లు కలిపి ఒకేసారి వేస్తే మూకుడు చల్లబడి, క్యాబేజీ నీళ్లు ఊరి, నూడుల్స్ ఉడికినట్టు మెత్తబడతాయి. కాబట్టి నలుగురికీ నాలుగు ప్లేట్లు ఒకటేసారి చెప్పకండి. ఒక ప్లేటు చెప్పండి, పంచుకోండి, నచ్చితే ఇంకొకటి.

రామెన్ మాత్రం పంచుకునేది కాదు. మన ఊళ్లో సూప్ వన్ బై టూ అడగడం అలవాటు, సూప్‌కి అది బాగానే ఉంటుంది. రామెన్‌ని రెండు గిన్నెల్లోకి పంచితే పులుసు చల్లారి నూడుల్స్ ఉబ్బిపోతాయి. ఎవరికి కావాలో వాళ్లే తెప్పించుకుని వేడివేడిగా జుర్రుకుంటూ తినాలి. జపాన్‌లో చప్పుడు చేస్తూ తినడం మర్యాదకి లోపం కాదు. మన వాళ్లు సాంబారన్నం జుర్రినట్టే. చాప్‌స్టిక్స్ బాబు సరదాకి ఇవ్వండి, పెద్దవాళ్లకి ఫోర్క్ అడగండి. డంప్లింగ్‌ని చేత్తో తిన్నా ఎవరూ ఏమీ అనుకోరు. చాప్‌స్టిక్స్‌ని అన్నంలో నిలువుగా గుచ్చి మాత్రం ఉంచనివ్వకండి, చైనా, జపాన్ వాళ్లకి అది చావు ఇంట్లో చేసే పని.

మామయ్యగారి బీపీకి ఉప్పు దాగి ఉండేది సోయా సాసులో. ఒక టేబుల్ స్పూన్‌లో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అంటే డిప్ గిన్నెలో పోసుకున్న రెండు స్పూన్లతోనే రోజు కోటా దాదాపు అయిపోతుంది. ఆయనకి సోయా బదులు వెనిగర్‌లో సన్నగా తరిగిన అల్లం వేసి ఇవ్వమనండి. చైనాలో డంప్లింగ్స్‌తో నల్ల వెనిగర్, అల్లం తినడం మామూలే, రుచి కూడా బాగుంటుంది. నూడుల్స్‌లో ‘సోయా సగం వేయండి, ఉప్పు విడిగా వద్దు’ అని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి, వండాక ఎవరూ ఏమీ చేయలేరు. పులుసు నూడుల్స్ తెప్పించుకుంటే నూడుల్స్, కూరగాయలు తిని పులుసు వదిలేయమనండి. అజినమోటో గురించి కూడా అడుగుతారేమో. 1908లో జపాన్‌లో కికునాయె ఇకెడా అనే శాస్త్రవేత్త కొంబు నాచు నుంచి కనుక్కున్న రుచి అది. జనం భయపడుతున్నంత విషం కాదు. అందులో సోడియం మామూలు ఉప్పులో ఉన్నదానిలో మూడో వంతే. అయినా బీపీ మనిషికి ఉప్పు మీద అదొక లెక్కే కాబట్టి ఆయన ప్లేటులో వద్దని చెప్పండి, సరిపోతుంది.

షెజ్వాన్ అని రాసిన వాటిలో మన హోటళ్లలో ఎండుమిర్చి, వెల్లుల్లే ఉంటాయి. ఎక్కడైనా అసలు సిచువాన్ మిరియాలు వాడితే నాలుక జుమ్మని తిమ్మిరెక్కుతుంది. తెలియక తింటే పెద్దవాళ్లు కంగారు పడతారు, బాబు విషయంలో అలర్జీ ఏమోనని మీరూ భయపడతారు. ఆ రోజుకి అది వద్దు.

మోమోలతో తెల్లటి మయోనైజ్ ఇస్తే పక్కన పెట్టేయండి. పచ్చిగుడ్డుతో చేసిన మయోనైజ్‌ని తెలంగాణ 2024 అక్టోబర్‌లో, తమిళనాడు 2025 ఏప్రిల్‌లో ఏడాదిపాటు నిషేధించాయి. తెలంగాణ ఉత్తర్వుకి ముందు హైదరాబాద్‌లో మోమోలు తిని ఒకావిడ చనిపోయారు, చాలామంది ఆసుపత్రి పాలయ్యారు. గుడ్డు లేనిది అని చెప్పినా మీ ఇంట్లో ఆ రోజు దాని అవసరమే లేదు. గోబీ మంచూరియా రంగు గులాబీ ఎరుపుగా మెరుస్తుంటే వద్దనండి. కృత్రిమ రంగులు దొరికాయనే కర్ణాటక 2024 మార్చిలో అందులో వాటిని నిషేధించింది. సోయా, మిర్చితో వచ్చే రంగు ముదురు గోధుమగా ఉంటుంది. హోటల్లోకి అడుగుపెట్టగానే గోడ మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే లైసెన్స్ ఉందో లేదో చూడండి. 14 అంకెల నంబరు ఉంటుంది, బిల్లు మీద కూడా వేయాలి.

నేను మీ స్థానంలో ఉంటే ఇలా చేస్తాను. శనివారం సాయంత్రం ఆరున్నరకే వెళ్తాను. తిరుపతిలో శనివారం కొండకి వచ్చే జనం ఎక్కువ, ఎనిమిది దాటితే ఊళ్లో ఏ హోటల్లోనూ వంటింటికి ఊపిరాడదు, ప్రత్యేకంగా చెప్పినవేవీ గుర్తుండవు. పెద్దవాళ్లకి మైదా అరగడానికి కూడా తొందరగా తినడమే మంచిది. ముందు పుట్టగొడుగులవో, పాలకూర, మొక్కజొన్నవో క్రిస్టల్ డంప్లింగ్స్ రెండు బుట్టలు. సూప్ నీళ్లతో చేస్తామంటే స్వీట్ కార్న్ రెండు, వన్ బై టూ. తర్వాత ఇంకో రెండు బుట్టలు, ఈసారి మామూలు వెజ్ మోమోలు. బాబు కోసం కడిగిన గిన్నెలో గుడ్డు లేని హక్కా నూడుల్స్ ఒకటి, కారం తక్కువ. సోయా సగమే వేయమంటే అదే మామయ్యగారికీ సరిపోతుంది. అత్తయ్యగారికి నూడుల్స్ సయించకపోతే తెల్లన్నం, టోఫు (సోయా పనీర్) కూరగాయల గ్రేవీ, ఆయిస్టర్ సాసు లేకుండా. ఐదుగురికి ఇది ధారాళంగా సరిపోతుంది. పార్శిల్ కట్టించుకోవాల్సి వస్తే నూడుల్స్ వరకే, డంప్లింగ్స్ వద్దు. ఇంటికెళ్లేసరికి ముద్దవుతాయి. కేక్ బయట నుంచి తీసుకెళ్తుంటే గుడ్డు లేనిది, వేరుశనగ తగలనిది అని బేకరీలో విడిగా చెప్పడం మర్చిపోకండి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది శుక్రవారం మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య హోటల్‌కి ఫోన్. అప్పుడు మాస్టర్లు ఖాళీగా ఉంటారు. కౌంటర్‌లో వాళ్లతో మాట్లాడి పెట్టేయకుండా మాస్టర్‌ని లైన్లోకి పిలవమనండి. ఇలా చెప్పండి: ‘అన్నా, రేపు సాయంత్రం ఐదుగురం వస్తున్నాం. ఎవరూ మాంసం, గుడ్డు తినం. బాబుకి వేరుశనగ తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. వెజ్ సూప్ స్టాక్ దేంతో చేస్తారు? ఆయిస్టర్ సాసు ఏ రకం? మోమో చట్నీలో చెనిక్కాయలు వేస్తారా? స్టీమర్ వేరుగా ఉందా, లేకపోతే మొదటి వాయి మాకే వేస్తారా?’ వంట మీద ప్రేమ ఉన్న మాస్టర్ ఇలాంటి ఫోన్‌కి విసుక్కోడు. నాకు అలాంటి ఫోన్ వస్తే ఆ కుటుంబం వచ్చేదాకా నేనే స్టీమర్ దగ్గర నిలబడేవాణ్ని.

వాళ్లు ఏమన్నారో శుక్రవారం రాత్రిలోపు ఇక్కడ రాయండి అమ్మా. స్టాక్ దగ్గరో, చట్నీ దగ్గరో జవాబు తడబడితే, మెనూలో ఏవి తీసేసి ఏవి ఉంచాలో వెంటనే చెప్తాను.